మంచినీళ్ల చెరువుకి చేపల పాట (వేలం) పెడతారంట. కాలువ కట్టేలోపు (నీళ్లు ఆపేలోపు) చెరువు నిండుతుందా?

శివారు_చెరువు · #1
మాది కృష్ణ నీళ్లు తెచ్చే గుంటూరు ఛానల్‌కి శివారు (చిట్టచివరి) ఊరు. జనం 4,000. బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడతాయి, కాబట్టి మూడెకరాల మంచినీళ్ల చెరువే ఊరంతటికీ దిక్కు. రెండు తలనొప్పులు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఛానల్ కట్టేయడానికి ఇంకా మూడు వారాలే ఉందంటున్నారు, చెరువేమో సగం కూడా లేదు. పైన ఊళ్లలో గట్టు పొడుగునా ఇంజన్లు పెట్టి మొక్కజొన్నకి తోడేస్తున్నారు, మా తూము దగ్గరికొచ్చేసరికి పిల్లబోదెంత కూడా రావట్లేదు. ఇది చాలదన్నట్టు పంచాయతీకి డబ్బుల్లేవని ఇదే చెరువుని చేపలకి పాట పెడతామంటున్నారు. అర్జీలు పెట్టడం, తిట్టుకోవడం అయిపోయాయి. పనికొచ్చే లెక్క ఎవరైనా చెప్పండి.

బెజవాడ_బస్టాండు · #2
చేపలు కూడా ఆ నీళ్లే తాగాలి గదా. వాటిని కూడా జనాభాలో రాయించండి, కోటా పెరుగుద్ది.

తూము_తాత · #3
లెక్క చెప్పాలంటే ముందు నీ కొలతలు చెప్పు. చెరువులో స్కేలు ఉందా? ఉంటే దాని సున్నా ఎక్కడ, అసలు అడుగు మీదా, పూడిక మీదా? గట్ల వాలు ఎంత? నీళ్లు తూములోంచి వాటంతట అవే వస్తాయా, మోటారా? ఫిల్టర్ బెడ్లు (నీళ్లు వడకట్టే ఇసక తొట్లు) ఎన్ని, కొలతలేంటి? రోజుకి ఎన్ని గంటలు నడుపుతున్నారు?

శివారు_చెరువు · #4
స్కేలు ఉంది తాతగారూ, సున్నా అసలు అడుగు మీదే. నిండితే 3 మీటర్లు. ఇవాళ 1.2 చూపిస్తంది. గెడ దింపితే అడుగున 60 సెం.మీ. బురద తగిలింది. చెరువు చదరంగా ఉంటది, నిండినప్పుడు నీటి అంచున నాలుగువైపులా 110 మీటర్లు. గట్టు వాలు ఒకటికి రెండు (మీటరు ఎత్తుకి రెండు మీటర్లు అడ్డం). నీళ్లు తూములోంచే వస్తాయి. ఫిల్టర్ బెడ్లు రెండు, ఒక్కోటి 8 బై 6 మీటర్లు. మోటారు రోజుకి ఆరు గంటలు.

ఫిల్టర్_బెడ్ · #5
#4లో కొలతలు చక్కగా ఇచ్చారు, లెక్క చూద్దాం.

పైన 110 మీటర్లు ఉన్నా వాలు వల్ల అడుగున 98 మీటర్లే మిగులుతుంది. పై వైశాల్యాన్ని లోతుతో గుణిస్తే 36,000 క్యూబిక్ మీటర్లు వస్తుంది, అది తప్పు. నిండు చెరువు పట్టేది సుమారు 32,500, అంటే మూడుంపావు కోట్ల లీటర్లు.

ఖర్చు ఇదీ. మనిషికి రోజుకి 55 లీటర్ల చొప్పున (జల్ జీవన్ మిషన్ లెక్క కూడా ఇంతే) 4,000 మందికి 220 క్యూబిక్ మీటర్లు. కాలువ కట్టేసి ఉండే 90 రోజులకి 19,800. ఎండకి ఆవిరయ్యేది రోజుకి సుమారు 6 మి.మీ. వేసుకోండి, 90 రోజులకి 54 సెం.మీ., అది 6,200. నల్లరేగడి అడుగు కాబట్టి ఇంకుడు రోజుకి 2 మి.మీ. చాలు, అదొక 2,000. అడుగు అరమీటరు నీళ్లు మోటారుకి అందినా తాగడానికి పనికిరావు, బురదే వస్తుంది, అదొక 4,900. మొత్తం 32,900.

అంటే చెరువు నిండా నింపినా సరిగ్గా బొటాబొటీ. మీ 60 సెం.మీ. పూడిక తినేస్తున్నది 5,900 క్యూబిక్ మీటర్లు. అది ఊరికి 26 రోజుల నీళ్లు.

నల్లరేగడి · #6
90 రోజులెందుకు బ్రదర్? కాలువలు ఏప్రిల్‌లో కట్టి జూన్‌లో వదుల్తారు, 75 చాలదా? మరి గేదెల సంగతి?

తూము_తాత · #7
జూన్‌లో వదిలేది ప్రకాశం బ్యారేజీ దగ్గర. పేపర్లో ఫొటో చూసి మురిసిపోతే ఎట్టా? ఎండిన కాలువ మన్ను ముందు తను తాగాలి, ఆపైన తల ఊళ్ల (కాలువ మొదట్లో ఉన్న ఊళ్ల) నారుమళ్లు తాగాలి, అప్పుడు శివారుకి. ఏటా రెండు వారాలు తేలిగ్గా పడుతుంది. పైగా వచ్చిన మొదటి నీళ్లు చెరువులోకి పెట్టకూడదు. కాలువలో రెండు నెలలుగా పోసిన చెత్తంతా ఆ నీళ్లలోనే వస్తుంది, ఒక రోజు మురుక్కాలువలోకి వదిలేయాలి. 90 అని రాసిన ఆయన తెలిసే రాశాడు.

ఫిల్టర్_బెడ్ · #8
గేదెకి రోజుకి 60 లీటర్లు అనుకున్నా, 300 గేదెలకి 18 క్యూబిక్ మీటర్లు. చెరువు మీద పెద్ద బరువు కాదు. బరువంతా అవి నీళ్లలోకి దిగడంలో ఉంది. ముళ్లకంచె వేసి, బయట తొట్టి కట్టి, ఫిల్టర్ కడిగిన నీళ్లు అందులోకి మళ్లించండి.

శివారు_చెరువు · #9
పూడిక ఈ మూడు వారాల్లో తీయలేం గదా. ఇప్పుడు నింపుకోవడం ఎట్టా?

తూము_తాత · #10
పూడిక మే నెలాఖరు పని, నీళ్లు అడుగంటాక. అప్పుడు కూడా ముందు నాలుగు మూలలా గుంట తవ్వి చూడండి. మన డెల్టాలో నల్లమట్టి పొర కింద ఇసకో, ఉప్పు ఊటో ఉంటుంది. పొక్లెయిన్ వాడు ట్రిప్పుల లెక్కన లోతుగా గీకేస్తే ఆ పొర చిల్లు పడి, ఏళ్ల తరబడి తియ్యగా ఉన్న చెరువు ఒక్క వేసవిలో ఉప్పెక్కుతుంది. బంకమట్టి కనీసం అరమీటరు మిగలాలి. మట్టి కావాలని అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడే ఈ ప్రమాదం.

ఇక నింపడం. 1.2 నుంచి 3 మీటర్లకి 20,400 క్యూబిక్ మీటర్లు కావాలి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28.3 లీటర్లు, రోజంతా పారితే 2,447 క్యూబిక్ మీటర్లు. ఊరు వాడేదీ ఆవిరీ ఇంకుడూ కలిపి రోజుకి 310 పోతాయి. మిగిలేది 2,137. అంటే నిఖార్సుగా ఒక క్యూసెక్కు పారితే తొమ్మిదిన్నర రోజులు. మూడు వారాల గడువుంది కాబట్టి బెంగక్కర్లేదు, కానీ ఆ క్యూసెక్కు నిజంగా వస్తుందో లేదో కొలవాలి. ‘‘నీళ్లు రావట్లేదు’’ అంటే ఏఈగారు (నీటిపారుదల ఇంజనీరు) వింటాడు, మర్చిపోతాడు. ‘‘సెకనుకి 12 లీటర్లే వస్తున్నాయి, 28 రావాలి’’ అని రాసిస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది.

కొమ్మమూరు_గట్టు · #11
కొలవడానికి వీ-నాచ్ పెట్టుకోండి, తేలిక. 4 మి.మీ. ఇనుప రేకులో సరిగ్గా 90 డిగ్రీల వీ ఆకారం కోయించి, తూము నీళ్లు చెరువులోకి దిగే బోదెలో అడ్డంగా నిలబెట్టాలి. పక్కల్లోంచీ కిందనుంచీ ఒక్క చుక్క జారకుండా బంకమట్టితో మెత్తాలి. నాచ్ మొన మీదుగా ఎంత ఎత్తున పారుతుందో చూస్తే చాలు:
10 సెం.మీ. అయితే సెకనుకి 4.4 లీటర్లు
15 అయితే 12
20 అయితే 24.7
25 అయితే 43

ఎత్తుని నాచ్ దగ్గర కొలవకండి, అక్కడ నీళ్లు వంగి దిగుతాయి, తక్కువ చూపిస్తుంది. మీటరు వెనక్కి మేకు పాతి, నాచ్ మొన మట్టానికి సున్నా పెట్టి అక్కడ కొలవండి. కింద పడే నీళ్లు నాచ్ మొన కంటే దిగువన ఉండాలి. వెనక్కి తన్ని మొన మునిగిందా, ఆ కొలత చెత్తబుట్టలోకే.

నల్లరేగడి · #12
అంత అట్టహాసం దేనికి. బోదెలో నిమ్మకాయ వదులు, 10 మీటర్లు ఎన్ని సెకన్లలో పోయిందో చూడు, అడ్డం లోతు గుణించు. అయిపాయె.

కొమ్మమూరు_గట్టు · #13
అయిపోదు. పైన నీళ్లు పరిగెత్తినంత వేగంగా అడుగు నీళ్లు పరిగెత్తవు, 0.85తో గుణించాలి. ఉదాహరణకి బోదె వెడల్పు 1.2, లోతు 0.3 మీటర్లు, నిమ్మకాయకి 25 సెకన్లు పట్టిందంటే 0.36 గుణించు 0.4 గుణించు 0.85, సెకనుకి 122 లీటర్లు. గడ్డి మొలిచిన బోదెలో ఇది ఇంకా తప్పుతుంది. పెద్ద కాలువకి నిమ్మకాయ సరే, చెరువు తూముకి నాచే.

బెజవాడ_బస్టాండు · #14
నిమ్మకాయ కాలువలో వేస్తే పైన ఊరివాళ్లు చేతబడి అనుకుని ఇంజన్లు ఆపేస్తారేమో, రెండు విధాలా లాభం.

తూము_తాత · #15
ఇంజన్లంటే గుర్తొచ్చింది. 5 హెచ్‌పీ ఇంజనూ నాలుగంగుళాల పైపూ, కాలువలోంచి కాబట్టి ఎత్తు తక్కువ, సెకనుకి ఓ 15 లీటర్లు తోడుతుంది. ఇరవై ఇంజన్లు కలిసి 300 లీటర్లు, అంటే పదిన్నర క్యూసెక్కులు. శివారు కాలువలో 15 క్యూసెక్కులు వదిలితే మూడింట రెండొంతులు గట్టు మీదనే పోతున్నాయి. అందుకే లస్కర్‌ని (కాలువ షట్టర్లు చూసే మనిషిని) తిట్టి లాభం లేదు, అతను షట్టర్ ఎత్తింది నిజమే, మీకు రానిదీ నిజమే.

చేయాల్సింది: వంతు. సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా ఇంజన్లు బందు, ఆ నీళ్లు మంచినీటి చెరువులకి. నీటి సంఘం తీర్మానం రాయించి ఏఈకి, తహసీల్దారుకి నకలు ఇవ్వండి. 1997 రైతుల యాజమాన్య చట్టం ప్రకారం వంతుల పట్టిక తయారుచేసి అమలు చేయడం సంఘం పనే. 2024 డిసెంబరులో సంఘాలకి మళ్లీ ఎన్నికలయ్యాయి కాబట్టి పాలకవర్గం లేదనే సాకు ఇప్పుడు చెల్లదు.

నల్లరేగడి · #16
తీర్మానం కాగితం మీద బానే ఉంటది తాతా. రాత్రి గట్టు మీద కాపలా ఎవరు? పైగా చేలో మొక్కజొన్న జూలు పోసే దశలో ఉంటే ఏ రైతూ ఆపడు, ఆ పది రోజులు తడి తప్పితే కండె గింజ పట్టదు. ఆళ్లది దొంగతనం అనుకుంటే గొడవలే మిగుల్తాయి.

తూము_తాత · #17
నువ్వన్నది కాదనను. అందుకే ‘పూర్తిగా ఆపు’ అనలేదు, రాత్రి పన్నెండు గంటలే అన్నా. పగలు వాళ్లది. ఇంకో సంగతి, శివారు చెరువులు ముందు నింపాలి, తల ఊళ్ల చెరువులు చివర్లో. కాలువ నిండుగా పారేటప్పుడే నీళ్లు చివరిదాకా వెళ్తాయి. గడువు దగ్గరపడ్డాక పైనుంచి తగ్గించి వదుల్తారు, అప్పుడు అంత దూరం మన్ను తాగగా ఏమీ మిగలదు. తల ఊరికి ఆ తగ్గిన నీళ్లు కూడా చాలు.

నల్లరేగడి · #18
తల ఊళ్లు ఎందుకొప్పుకుంటాయి? ఆళ్లకేంటి లాభం?

డెక్క_పీకుడు · #19
ఊరికే ఒప్పుకోరు, ఏదో ఒకటి ఇవ్వాలి. తలవైపు కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ తీసే కూలి శివారు ఊళ్లు భరించడం ఒక పద్ధతి. డెక్క పేరుకుంటే తల ఊళ్లలో గట్లు పొర్లుతాయి, శివారుకి నీళ్లు ఆగుతాయి. ఇద్దరికీ అదే శత్రువు, బేరానికి మంచి చోటు.

డెక్క తీసేటప్పుడు జనం చేసే తప్పులు: తీసింది గట్టు అంచునే పోస్తారు, మొదటి వానకి మళ్లీ కాలువలోకే. కనీసం ఐదారు మీటర్ల అవతల వేయాలి. నూటికి 95 పాళ్లు నీరే కాబట్టి రెండు రోజులు గట్టు మీద ఆరనిస్తే మోత బరువు బాగా తగ్గుద్ది. పూత రాకముందే తీయాలి, విత్తనం బురదలో ఏళ్ల తరబడి బతుకుద్ది. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపు అవుద్ది, సగం తీసి వదిలేస్తే తీయనట్టే. చెరువు తూము ముందు వెదురు తడిక కట్టండి, ఒక్క మొక్క లోపలికి పోకూడదు. మందు కొట్టి చంపుదాం అనేవాళ్లుంటారు, మంచినీళ్ల చెరువులో ఆ మాటే వద్దు. మందు సంగతి అటుంచినా, చచ్చిన డెక్క కుళ్లి నీళ్లలో ప్రాణవాయువు లాగేస్తది, నీళ్లు నల్లబడి కంపు కొడతాయి.

శివారు_చెరువు · #20
బేరం ఐడియా బాగుంది. డెక్క మా తూము పైన కిలోమీటరు నిండా ఉంది. ఇక చేపల పాట సంగతి? ఆపగలమా?

అడంగల్_అక్క · #21
ముందు కాగితాలు. అడంగల్‌లో (ఊరి భూముల రికార్డులో) ఆ సర్వే నంబరు చెరువు పోరంబోకు అని ఉందా, ఎంత విస్తీర్ణం? ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీసుకుని హద్దురాళ్లు పాతించండి. రికార్డులో మూడెకరాలా, మూడెకరాల నలభై సెంట్లా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి, ఆ నలభై సెంట్లే ఎవరో ఒకరి దొడ్డిలో ఉంటాయి. ఆక్రమణ ఉంటే అర్జీలో 2001 హించ్‌లాల్ తివారీ కేసు, 2011 జగ్‌పాల్ సింగ్ కేసు ప్రస్తావించండి. రెండూ సుప్రీంకోర్టువే. ఊరి చెరువుల్ని పట్టాలిచ్చి, కట్టడాలు కట్టి మింగడం కుదరదని, ఆక్రమణలు తీయించమని చెప్పినవి.

పాట విషయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అడగాల్సినవి మూడే: పాట తీర్మానం నకలు, చెరువు నీటి గత పరీక్షల ఫలితాలు, పాట షరతుల పత్రం. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు పడుతుంది కాబట్టి పాట తేదీ దగ్గరుంటే దీన్ని నమ్ముకోకుండా గ్రామసభలో షరతులు రాయించడమే మేలు.

బొచ్చె_శీలావతి · #22
అందరూ చేప మీద పడ్డారే. చేప వల్ల నీళ్లు పాడవవు, మేత వల్ల పాడవుతాయి. పాటగాడు ఎకరాకి వేలల్లో పిల్లల్ని వదిలి తవుడు, చెక్క, కోళ్ల ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేస్తాడు. నీళ్లు పచ్చగా మారాలనే వేస్తాడు, ఎందుకంటే ఆ పచ్చదనం మీదే బొచ్చె చేప మేత పెరుగుద్ది. మంచినీళ్లకి అదే విషం. మేత, ఎరువు లేకుండా ఎకరాకి 800 మించకుండా, వంద మి.మీ. సైజు పిల్లలు వేస్తే చెరువు తనంతట తాను పెంచుద్ది. దిగుబడి తక్కువ, పాట డబ్బు కూడా తక్కువే వస్తుంది, నీళ్లు నిలుస్తాయి.

జాతి కూడా చూడాలి. బంగారుతీగ వద్దే వద్దు, గట్టు తవ్వి బురద లేపుద్ది. మోసు కూడా అడుగున తినేదే, తగ్గించండి. బొచ్చె, శీలావతి, ఎకరాకి ఓ 40 గడ్డిచేపలు చాలు. గడ్డిచేప హైడ్రిల్లా లాంటి నీటిగడ్డిని మేస్తుంది, గుర్రపుడెక్కని మాత్రం ముట్టదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరైనా తెస్తే పోలీసులకి చెప్పండి, దాని పెంపకం నిషేధం.

ఫిల్టర్_బెడ్ · #23
మేత లేకపోతే చేప మంచిదే అన్నది సగమే ఒప్పుకుంటా. పట్టుబడి సంగతి మీరు చెప్పలేదు. లాగుడు వల ఈడ్చారంటే అడుగు బురద లేచి, నీళ్లు తేరడానికి వారం పైన పడుతుంది. అది ఏప్రిల్‌లో జరిగితే ఫిల్టర్ రెండు రోజుల్లో మూసుకుపోతుంది.

బొచ్చె_శీలావతి · #24
ఒప్పుకున్నా. షరతుల్లో రాయించండి: చేపలు పట్టేది మార్చిలో, చెరువులో నీళ్లు అడుగున ఉన్నప్పుడు, కొత్త నీళ్లు పెట్టకముందు. కాలువ కట్టిన రోజునుంచి మళ్లీ వదిలేదాకా వల దించకూడదు. మేత, ఎరువు, మందు వేస్తే డిపాజిట్టు పోయి పాట రద్దు. ఈ షరతులతో పాటకి ఎవరూ రాకపోతే ఇంకా మంచిది, గొడవే లేదు.

బెజవాడ_బస్టాండు · #25
డబ్బు పంచాయతీకి, చేప పాటగాడికి, పచ్చనీళ్లు ఊరికి. అందరికీ ఏదో ఒకటి దక్కింది గదా.

మా బెజవాడలో బందరు, ఏలూరు, రైవస్ మూడు కాలువలూ ఊరి మధ్యలోంచి పోతాయి, చెత్త వేయడానికి ఇంత సౌకర్యం ఇంకే ఊరికీ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు గట్లు తెగాక సింగ్‌నగర్ ఎట్టా మునిగిందో అందరూ చూశారు. కాలువని మింగితే కాలువ ఊరుకోదు.

తూము_తాత · #26
బుడమేరుకి వేరే చర్చ పెట్టు బాబూ, అది వంద పోస్టుల కథ.

శివారు_చెరువు · #27
ఫిల్టర్_బెడ్ అన్నా, నీళ్లు ఇప్పుడే కాస్త వాసన వస్తున్నాయి. బెడ్లలో ఇసక మార్చి ఏడాది కూడా కాలేదు. ఎందుకంటారు?

ఫిల్టర్_బెడ్ · #28
#4లో మీరు రాసిన ‘ఆరు గంటలు’లోనే ఉంది రోగం.

ఇది నెమ్మదిగా వడకట్టే ఇసక బెడ్. వడకట్టేది ఇసక కాదు, ఇసక మీద రెండు మూడు వారాల్లో పెరిగే జిగురు పొర. అది బతికున్న పొర, క్రిముల్ని తినేది అదే. దానికి ప్రాణవాయువున్న నీళ్లు ఆగకుండా పారాలి. గంటకి 10 సెం.మీ. చొప్పున దిగితే మంచి నీళ్లొస్తాయి, 20 దాటకూడదు. మీ రెండు బెడ్లూ కలిపి 96 చదరపు మీటర్లు. 220 క్యూబిక్ మీటర్లని 24 గంటల్లో దింపితే గంటకి 10 సెం.మీ. కంటే కాస్త తక్కువే, అంటే బెడ్ల సైజు మీ ఊరికి సరిగ్గా సరిపోయింది. అదే నీళ్లని ఆరు గంటల్లో లాగుతున్నారు కాబట్టి గంటకి 38 సెం.మీ. నాలుగు రెట్లు. ఆ వేగానికి మురికి లోపలికి దిగిపోతుంది. మిగిలిన 18 గంటలు నీళ్లు నిలిచి, పొర ఊపిరాడక చచ్చి కుళ్లుతుంది. వాసన అదే.

దీనికి మందు: చెరువు మోటారు ఆపినా బెడ్ కింద వాల్వ్ మాత్రం పూర్తిగా మూయకండి. బెడ్ మీద మీటరు నీళ్లు నిలబెట్టి, వాల్వ్ సన్నగా తెరిచి వదిలేస్తే రాత్రంతా నిదానంగా దిగుతూ ఉంటుంది, ఆ మీటరులోనే 96 క్యూబిక్ మీటర్లుంటాయి. ఇసక పైకి తేలేదాకా మాత్రం దిగనివ్వొద్దు. మోటారుని పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలుగా విడదీయండి. శుద్ధి నీళ్ల సంపు 80–90 వేల లీటర్లు ఉంటే ఈ పద్ధతి హాయిగా నడుస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి కూడా చెప్తా, ఎక్కువ చోట్ల చెడేది ఇక్కడే. నీళ్లు దిగడం మందగించినప్పుడు పై 2 సెం.మీ. మాత్రమే పారతో గీకాలి. తవ్వి తిరగేయకూడదు. రెండు బెడ్లూ ఒకేరోజు గీకకూడదు, ఒకటి గీకి, పొర మళ్లీ కట్టేదాకా రెండోదాని మీద నడపాలి. గీకిన బెడ్ నీళ్లు మొదటి కొన్ని రోజులు బయటికి వదిలేయాలి. గీకీ గీకీ ఇసక మందం అరమీటరుకి వచ్చిందంటే కొత్తది వేయాలి, మొదట్లో వేసేది సుమారు మీటరు. ఇసక 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య సన్నగా, కడిగి వేయాలి. కృష్ణ ఇసక లారీ దింపి నేరుగా బెడ్‌లో పోస్తే ఒండు కూడా లోపలికే.

శివారు_చెరువు · #29
మావాళ్లు నెలకోసారి రెండు బెడ్లూ ఒకేసారి తిరగేస్తారు. ‘కడిగాం’ అని బోర్డు మీద తేదీ కూడా రాస్తారు.

డెక్క_పీకుడు · #30
😄 దుక్కి దున్నినట్టు దున్నేశారు.

కొమ్మమూరు_గట్టు · #31
ఇంకోటి. శివారు అన్నారు కాబట్టి అడుగుతున్నా, దగ్గర్లో చేపల చెరువులో, రొయ్యల చెరువులో ఉన్నాయా? వాటి నీళ్లు డ్రెయిన్‌లోకి వదుల్తారు. అదే డ్రెయిన్‌కి కింద అడ్డుకట్ట వేసి, నీళ్లు చాలక రైతులు ఇంజన్లతో ఛానల్లోకి ఎత్తిపోస్తారు. ఆ నీళ్లు మీ తూములోకి వస్తే మీరు నింపేది కృష్ణ కాదు. జేబులో పట్టే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) మీటరుతో రోజూ తూము దగ్గర చూడండి. 500 లోపు మంచిది, 2,000 దాటితే ఇక తాగే నీళ్లే కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఒక్కసారిగా రెట్టింపైందంటే తూము దించేసి పైకి నడిచి చూడండి, ఎక్కడో ఇంజను దొరుకుతుంది. చెరువులు అనుమతి లేకుండా తవ్వినవైతే 2020 ఆక్వా చట్టం కింద మత్స్యశాఖకి రాయండి.

ఫిల్టర్_బెడ్ · #32
టీడీఎస్ ఉప్పుని చెప్తుంది కానీ పేడని చెప్పదు, అది గుర్తుంచుకోండి. క్రిములకి హెచ్‌2ఎస్ సీసా పరీక్ష ఉంది, నీళ్లు పోసి వెచ్చగా పెట్టాక నల్లబడితే చెడ్డవి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి పరీక్ష కిట్టు మీద శిక్షణ ఇస్తారు, మీ ఊళ్లో కిట్టు ఏ బీరువాలో ఉందో కనుక్కోండి.

క్లోరిన్ కూడా. తాజా బ్లీచింగ్ వెయ్యి లీటర్లకి 5 గ్రాములు, 60 వేల లీటర్ల ట్యాంకుకి 300 గ్రాములు. బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట ఆగి వదలాలి. చివరి కొళాయి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలితే చాలు. మూతి తెరిచి మూల పడేసిన సంచిలో క్లోరిన్ ఎగిరిపోయి సున్నమే మిగులుతుంది, అది ఎంత వేసినా ఒకటే.

అడంగల్_అక్క · #33
ఈ కొలతలన్నీ ఒక పుస్తకంలో రోజూ తేదీ, టైముతో రాసి ఇద్దరి సంతకం పెట్టించండి, ఒకరు నీటి సంఘం మనిషి, ఒకరు పైన ఊరి మనిషైతే ఇంకా మంచిది. రేపు గొడవొస్తే ‘మీరు రాసుకున్న లెక్క’ అని ఎవరూ కొట్టిపారేయలేరు.

శివారు_చెరువు · #34
నాలుగు రోజుల సంగతి. డెక్క తీసే కూలి మాది, రాత్రి ఇంజన్లు బందు, ఈ బేరానికి పైన రెండు ఊళ్లు ఒప్పుకున్నాయి. మూడో ఊరు ఇంకా నసుగుతోంది. చేపల పాటని #24 షరతులతో గ్రామసభలో పెడతామన్నారు. పాటగాళ్లలో ఒకాయన అప్పుడే ‘మేత లేకుండా ఏం పాట’ అని లేచిపోయాడు. నాచ్ పెట్టాం. నిన్న పగలు 17 సెం.మీ., రాత్రి 22. స్కేలు ఇంకా 1.2 దగ్గరే ఉంది. లెక్క చూసి పెట్టండి.

కొమ్మమూరు_గట్టు · #35
17 అంటే సెకనుకి 16.4 లీటర్లు, పన్నెండు గంటలకి 710 క్యూబిక్ మీటర్లు. 22 అంటే 31.3 లీటర్లు, పన్నెండు గంటలకి 1,350. మొత్తం 2,060, ఖర్చులు 310 పోతే 1,750. మీకు కావాల్సిన 20,400కి పదకొండున్నర, పన్నెండు రోజులు. రాత్రి ఎన్నింటికి కొలిచారు?

శివారు_చెరువు · #36
పదకొండింటికి.

తూము_తాత · #37
ఇంజన్లు ఆరింటికి ఆపినా నీళ్లు మీ దాకా నడిచి రావాలి గదా, మట్టం తొమ్మిదికి గానీ పెరగదు. పొద్దున ఆరుకి ఇంజన్లు మొదలెట్టినా మీకు తొమ్మిది దాకా రాత్రి మట్టమే ఉండాలి. పన్నెండు గంటలు పన్నెండే, జరిగొస్తాయంతే. రేపు పొద్దున ఏడింటికి మళ్లీ కొలువు. 22 ఉంటే సరే. 19కి పడిపోయి ఉంటే ఆ మూడో ఊరు తెల్లవారుజామునే ఇంజన్లు వేస్తున్నట్టు.

శివారు_చెరువు · #38
ఇవాళ ఏడింటికి 20.

తూము_తాత · #39
గంటగంటకీ చూడు. నాలుగింటి నుంచి.